రెండు వెంట్రుకల మందం

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

గుల్లల షెడ్డు పనిపుస్తకం నా చేతికొచ్చి పది నెలలైంది. అంతకుముందు రాసినవాళ్ళు రోజుకో వాక్యం రాశారు. "పని జరిగింది." "వాన. పని జరగలేదు." తొమ్మిదేళ్ళ పుస్తకం చదవడానికి నాకు అరపూట కూడా పట్టలేదు. నేను చాంతాడంత రాస్తానని భద్రాచారి మేస్త్రిగారి ఫిర్యాదు. ఏం చేయను, నీళ్ళ మధ్యనున్న ఈ మూడో దిబ్బ మీద సాయంత్రాలు చాలా పొడుగు. కొండ కాలేజీలో లోహాల చదువు చదివి, ఏడాది సేవకని ఇక్కడికి వచ్చినదాన్ని. కార్తీక పౌర్ణమి పడవకి తిరిగి వెళ్ళిపోవాలి. అందాకా రోజులు లెక్కపెట్టుకోవడమో, రాయడమో.

షెడ్డు అంటే పాత తుఫాను షెల్టరు పై అంతస్తు. కింది అంతస్తు పోటుకి సముద్రానిది, పాటుకి పీతలది. మేము చేసే పని ఒక్కటే, తాడుతుపాకి పేల్చేసిన ఇత్తడి తూటా గుల్లల్ని మళ్ళీ పేల్చడానికి సిద్ధం చేయడం. తాడుతుపాకి మనుషుల మీద పేల్చేది కాదు. సన్నదారం కట్టిన చెక్కబద్దని పాయ దాటించి అవతలి దిబ్బ మీద పడేస్తుంది. దారం వెనక తాడు, తాడు వెనక మోకు, మోకు మీద ఊయల, ఊయలలో మనిషి. తుఫానులో పడవ మునుగుతుంది. మోకు మునగదు.

పేలినప్పుడు గుల్ల ఉబ్బుతుంది. దాన్ని ప్రెస్సులో పీట మీద నిలబెట్టి, పిడి లాగి, పైనున్న డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కితే మళ్ళీ పాత కొలతకి వస్తుంది. కొత్త ఇత్తడి రావడం నేను పుట్టకముందే ఆగిపోయింది కాబట్టి ఒక్కో గుల్లనీ పదిహేను, పదహారుసార్లు నొక్కుతాం.

ఆయుధపూజకి సామాను తోమాలి. ఏదో ఒకటి విప్పకుండా నా చేతులు ఊరుకోవు. ప్రెస్సు డైని పట్టుకున్నాను. తొమ్మిదేళ్ళుగా దాన్ని ఎవరూ విప్పలేదట.

"దాని జోలికెందుకమ్మా. కుదురుగా కూర్చునుంది" అన్నారు మేస్త్రిగారు.

"లోపల మసి అట్టకట్టింది, చూడండి."

చూశారు. "నీ ఇష్టం. చదువుకున్నదానివి."

ఆ మాట ఆయన నోట మెచ్చుకోలో దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి గంటన్నర తోమాను. డై లోపల నా కన్ను నాకు కనిపించేంత మెరిసింది. గర్వపడ్డాను. పనిపుస్తకంలో ఉన్నదున్నట్టు రాయాలన్నారు కాబట్టి అదీ రాస్తున్నాను.

శుద్ధ ఏకాదశి

నవమినాడు పూజ అయింది. దశమినాడు పనిముట్టు ముట్టుకోకూడదు. ఏడాదిలో నేను ఏమీ విప్పకుండా గడిపిన ఒకే ఒక రోజు.

భద్రాచారిగారు బొట్టు పెడితే అది బొట్టులా ఉండదు, పూతలా ఉంటుంది. పసుపు, గంధం, చారెడు బియ్యప్పిండి కలిపి, బొటనవేలితో అద్ది, మధ్యలో కుంకుమ. ఎండాక గోటితో గీకినా రాదు. వాళ్ళ నాన్నగారు అలాగే పెట్టేవారట. సుత్తికి, పిడికి, పీటకి, ఆఖరికి నా వెర్నియరు స్కేలుకి కూడా పెట్టారు. దాని దవడ మూసుకోకపోతే పక్కకి తిరిగి కొంగుతో తుడవబోయాను.

"తుడవకూడదమ్మా" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "దానంతటది పోవాలి."

ఇవాళ కొత్త ఏడు పని మొదలు. ఏడాదంతా పేల్చిన గుల్లలు పోగేసి, విజయదశమి మర్నాడు ఒక్క వరసలో నొక్కడం ఇక్కడి ఆచారం. మేస్త్రిగారు డైని మళ్ళీ బిగించారు. చేత్తో తిప్పుతూ కిందికి దింపి, పీటకి తగిలాక ఆపి, "తగిలింది" అని నట్టు వేశారు. నేను గుల్లలకి ఆముదం రాస్తే ఆయన పిడి లాగారు. అరవై నాలుగు గుల్లలు. ప్రతిదాన్నీ గేజి వలయంలో వేసి చూశాం. అన్నీ జారిపడ్డాయి.

పని జరిగింది. (ఈ వాక్యం రాసినందుకు మేస్త్రిగారు సంతోషిస్తారు.)

పౌర్ణమి

ఇవాళ తాలీము, తుఫాను కాలానికి ముందు తుపాకి సాధన. తాడుతుపాకి పాత మంచినీళ్ళ ట్యాంకు మీద ఉంటుంది. డెబ్భై రెండు మెట్లు. దాన్ని పేల్చేది వీరవేణక్క. నలభై ఏళ్ళుంటాయి, భుజాలు చూస్తే పడవ తెడ్లలా ఉంటాయి. నా పేరు వాహిని అని ఆవిడకి తెలుసు, ఎప్పుడూ పిలవదు.

"రావే కాలేజీ, కూకో. ఇదిగో, గాలి ఈశాన్యానికి తిరుగుతోంది."

ట్యాంకు మీదినుంచి చూస్తే ఐదో దిబ్బ ఎదురుగానే ఉంటుంది. మధ్యలో రెండొందల ముప్ఫై మీటర్ల పాయ. గోదారి సముద్రంలో కలిసే చోటు అది. ఈశాన్యపు గాలి ఎత్తుకుందంటే ఆ మొగలో పడవ నిలవదు. ఆ దిబ్బ మీద ఉప్పు వండుకునేవాళ్ళు ముప్ఫై ఎనిమిదిమంది ఉన్నారు. దిబ్బలన్నిటిలోకీ పల్లమైనది అదే. ప్రతి తుఫానుకీ వాళ్ళు మోకు మీదే ఇవతలికొస్తారు. వాళ్ళలో వీరవేణక్క చెల్లెలు సత్యవేణి ఒకతి. తొమ్మిదో నెల.

అక్కచెల్లెళ్ళు అద్దాలతో మాట్లాడుకుంటారు. అద్దాలంటే, చిప్పులన్నీ చచ్చిపోయిన ఏడాది పనిచేయడం ఆగిపోయిన ఫోన్లు. గీతలు పడని గాజు ఉన్న ఫోను దొరికితే ఇక్కడ అదే నగ. ఎండని దాని మీద పట్టి, చేత్తో మూసి తెరిచి తళుకులు పంపుతారు.

"ఏమంటోంది?"

"సింతకాయ పచ్చడి పంపమంటోంది. తాడేసేది దానికే అనుకుంటోంది."

నింపిన గుల్లలు ఆరు తెచ్చాను. మొదటిదాన్ని వీరవేణక్క తుపాకి గదిలో పెట్టి తలుపు తోసింది. వెనక ఉండే ఉక్కు తలుపు పూర్తిగా పడితేనే తుపాకి పేలుతుంది. పడలేదు. రెండోది పడలేదు. మూడోది, నాలుగోది.

"ఏంటే ఇయ్యి? గుల్లలు ఇత్తడితో సేశారా, మొండితనంతో సేశారా?"

ఐదోదాన్ని అరచేత్తో మోది మూసింది. పేలింది, కాని గుల్ల గదిలో ఇరుక్కుపోయింది. ముందునుంచి కడ్డీ పెట్టి పొడిచి బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది. దాని అంచు చిరిగిపోయింది. ఆరోదాన్ని ముట్టుకోలేదు.

అప్పుడు తన సంచి అడుగునుంచి పోయినేడాది మిగిలిపోయిన గుల్ల ఒకటి తీసింది. పెట్టింది. తలుపు వేలితో తోస్తే పడింది. పేలింది. దారం పాయ మీద వంగి, ఐదో దిబ్బ ఇసుకలో పడింది. అవతల సత్యవేణి చేతులూపింది.

వీరవేణక్క నా వైపు తిరగలేదు. పాయ వైపే చూస్తూ అంది, "కాలేజీ. గాలి నిజంగా లేసిన్రోజు నాకొక్క గుల్ల పడితే సాలదు. యిరవయ్యేత్తే ఒకటి సేరుద్ది."

బహుళ విదియ

రెండు రోజులుగా చేసినవి:

ఆముదం ఎక్కువైందేమో చూశాను. ఎక్కువైతే గుల్ల భుజం దగ్గర, అంటే ఒళ్ళు సన్నబడి మెడ అయ్యేచోట, గుంటలు పడతాయి. ఒక్కదానికీ లేవు.

తుపాకి గదిలో ఉప్పు పేరుకుందేమోనని సున్నితంగా తోమాను. వీరవేణక్క నా తల మీద నిలబడి "దాన్ని కూడా మెరిపించేత్తావా ఏంటి" అంది. తేడా లేదు.

గేజిలో మళ్ళీ వేశాను. అన్నీ జారాయి. గేజి ఒళ్ళు ఒక్కటే కొలుస్తుందనీ, భుజం ఎక్కడుందో చెప్పదనీ ఇవాళే గమనించాను. పది నెలలుగా అది నా చేతి పక్కనే ఉంది.

సాయంత్రం ఒక పరీక్ష చేశాను. పౌర్ణమినాడు చక్కగా పేలిన పోయినేటి గుల్ల ఉంది కదా. పేలాక దాన్ని నొక్కలేదు. ట్యాంకు ఎక్కి అలాగే గదిలో పెట్టి తలుపు తోశాను. పడింది. దిగి వచ్చి, ఆముదం రాసి, ప్రెస్సులో నొక్కి, మళ్ళీ ఎక్కాను. పడలేదు.

నొక్కితే పెద్దదైంది.

మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. అయినా జరిగింది అదే.

బహుళ తదియ

పొద్దున కొండ మీద ఎర్రజెండా రెండు. అంటే మూడు రోజుల్లో తుఫాను. ఉన్న పడవలన్నీ దూరపు దిబ్బలకి వెళ్ళిపోయాయి. అది ఎప్పుడూ ఉన్న క్రమమే. దగ్గరివాళ్ళకి మోకు, దూరంవాళ్ళకి పడవ. మధ్యాహ్నానికి పాయలో నురగ లేచింది. ఇంక మిగిలింది మోకే.

"ఇత్తడి అలిసిపోయిందమ్మా" అన్నారు మేస్త్రిగారు. "ఎన్నిసార్లు నలిపాం. డై వదలగానే ఒళ్ళు విరుచుకుంటంది. కాల్చి మెత్తబరచాలి."

అది నిజంగా జరిగే సంగతే. నేను చదివిందీ అదే. పది గుల్లల్ని నీళ్ళ పళ్ళెంలో అడుగులు మునిగేలా నిలబెట్టి, మెడలకి బొగ్గుల సెగ చూపించాం. రంగు మారగానే నీళ్ళలోకి తోసేశాం. ఆరాక నొక్కాం. ఈసారి మెట్లు మేస్త్రిగారు కూడా ఎక్కారు, మోకాళ్ళు పట్టుకుంటూ.

అవి మరీ అధ్వాన్నం. తలుపు ముందటికంటే దూరంగానే ఆగిపోయింది.

వీరవేణక్క పదింటినీ తిరిగి నాకిచ్చేసింది. మేస్త్రిగారు ట్యాంకు గట్టు మీద కూర్చుని అరచేతులు చూసుకున్నారు. "నా చేతులు పోయాయేమోనమ్మా. తగిలిందో లేదో తెలిసే చేతులివి."

"చేతులు కావు బాబాయ్" అంది వీరవేణక్క. "నువ్వు దిగు. గాలి తోసేత్తది."

బహుళ చవితి

ఇవాళ్టి రాతలో నా తప్పు ఉంది. మొదటినుంచీ రాస్తాను.

పొద్దున అమ్మమ్మ ఫోను గోడకి ఆనించి కాటుక పెట్టుకుంటున్నాను. నల్లటి గాజులో నా మొహం తప్ప ఇంకేమీ కనిపించని ఫోను అది. చెయ్యి జారి కాటుక ముక్కుకి తగిలింది. తుడుస్తుంటే తగిలినచోటే పోయింది, తగలనిచోట ఉంది. కాటుక డబ్బా పట్టుకుని షెడ్డుకి వెళ్ళిపోయాను, ఒక కంటికే పెట్టుకుని.

ఒక గుల్లకి అడుగునుంచి మెడదాకా కాటుక పూశాను. మెల్లగా నొక్కి తీశాను. ఒళ్ళంతా ఇత్తడి రంగు. మెడ ఇత్తడి రంగు. భుజం నల్లగా అలాగే ఉంది. పిల్లి నాకినట్టు ఒక్క గీతైనా లేదు.

డై భుజాన్ని ముట్టుకోవడం లేదు.

మా అమ్మ జంతికలు ఒత్తడం గుర్తొచ్చింది. పక్కల నొక్కితే పిండి ఎటు పోతుంది, దారి ఉన్నవైపుకి. ఒంటిని పిండుతున్నాం, భుజానికి అడ్డు లేదు, అది ముందుకి జరుగుతోంది. నొక్కితే పెద్దదవడం అంటే ఇదే. కాల్చి మెత్తబరిస్తే ఇంకాస్త సులువుగా జరిగింది. అందుకే అవి అధ్వాన్నం. అంటే డై ఉండాల్సినదానికంటే పైన ఉంది. కాని పీటకి తగిలించే కదా బిగించారు, నా కళ్ళ ముందే.

ఖాళీ పీటని పైకి లేపి, పక్కనుంచి కిటికీ వెలుగులో చూశాను. డైకీ పీటకీ మధ్య తెల్లటి గీత. వెలుతురు. ఒక వెంట్రుక పీకి అందులోకి తోశాను, పోయింది. రెండోది దాని మీద పెట్టి తోశాను, పోయింది. మూడోది పోలేదు.

రెండు వెంట్రుకల మందం. గోరు సందులోకి పెట్టి పీట అంచు గట్టిగా గీకాను. గోటికింద పసుపు.

అప్పటికీ నాకు సంతోషమే. దొరికింది కదా. బొట్టు ఎండి గట్టిపడింది, దానికి తగిలి డై ఆగింది, నట్టు వేశారు. తర్వాత అరవై గుల్లల రాపిడికి బొట్టు అరిగిపోయింది, సందు మిగిలింది. మేస్త్రిగారి బొట్టు. ఆ మాట ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటూ ఉండగా ఇంకో ఆలోచన వచ్చి నా నోరు మూయించింది. బొట్టు తొమ్మిదేళ్ళుగా పెడుతూనే ఉన్నారు. ఎన్నడూ ఏమీ కాలేదు. ఎందుకంటే డై ఎన్నడూ కదల్లేదు. మొదటిసారి పిడి లాగగానే బొట్టు నలిగి పొడైపోయేది. డైని విప్పింది ఈ ఏడే.

విప్పింది నేను.

మేస్త్రిగారు వచ్చారు. నేను చెప్పకముందే నా గోరు చూశారు, ప్రెస్సు మీద వెంట్రుకలు చూశారు, నల్లటి భుజం ఉన్న గుల్ల చూశారు. ఆయనకి విడమరిచి చెప్పనక్కర్లేదు. మనం దాచిపెట్టడానికి వీల్లేనంత తొందరగా అర్థం చేసుకుంటారు.

"నా బొట్టే" అన్నారు.

"డై నేను విప్పకపోతే మీ బొట్టు వల్ల ఏమీ కాదండి."

"తగిలిందని అన్నది నేను."

"తగిలింది కూడానండి. పసుపుకి తగిలింది."

ఆయన మొహంలో ఏదో కదిలింది. నవ్వు కాదు గాని, దాని పక్కింటిది. "మా నాన్నయితే నీకూ నాకూ కలిపి ఒకే దెబ్బతో సరిపెట్టేవాడు" అని, తడిగుడ్డ నా చేతికిచ్చారు. "నేను పెట్టింది నేను తుడవనమ్మా. నువ్వు తుడు."

తుడిచాను. పీట పల్లాల్లో, మూలల్లో, సందులో, వెర్నియరు దవడల మీద కూడా. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

డై మళ్ళీ దింపాం. ఉక్కుకి ఉక్కు తగిలితే శబ్దమే వేరు. నేను ఒక పూర్తి చుట్టు కిందికి తిప్పుదామన్నాను, ఇక ఏ అనుమానమూ లేకుండా. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"అదే వద్దు. ఎక్కువ దింపితే భుజం మరీ వెనక్కి పోద్ది. తుపాకిలో గుల్లకి ముందు చోటు మిగులుద్ది. పేలినప్పుడు అడుగున సాగి, సాగి, ఒకనాడు గాజులాగా రెండుగా తెగుద్ది. సగం లోపలుండిపోద్ది. ఆవేళ కడ్డీ పొడిచేంత టయిం ఉండదేమో. కొంచెం తిప్పు, నొక్కు, పైకెళ్ళి చూడు. మళ్ళీ కొంచెం."

కాటుక పూసి నొక్కాను. భుజం మీద ఇంకా నలుపే. అరపావు చుట్టు. ఈసారి సన్నటి మెరుపు. మెట్లెక్కాను. తలుపు దాదాపు పడింది, చివర్లో పట్టేసింది. దిగాను. ఇంకో వీసం తిప్పాం. భుజం చుట్టూ మెరుపు పూర్తిగా వచ్చింది. మళ్ళీ ఎక్కాను. గాలికి మెట్ల కమ్మీ పట్టుకుని వంగి ఎక్కాల్సి వచ్చింది.

వీరవేణక్క గుల్ల తీసుకుని గదిలో పెట్టి, చిటికెనవేలితో తలుపు తోసింది. టక్.

తీసి మళ్ళీ పెట్టింది. టక్. మూడోసారి కూడా. తర్వాత నా మొహం వైపు చూసింది.

"ఒక కంటికి కాటుకేంటే?"

"రెండో కన్నుది గుల్లకి పోయిందక్కా."

"పోన్లే. అది నీకంటే బాగుంది."

సాయంత్రందాకా అన్నిటినీ మళ్ళీ నొక్కాం. మేస్త్రిగారు పిడి లాగారు, నేను ప్రతి గుల్లనీ వేలితో తడిమి మెడ చూశాను. మూడింటి మెడలు చిట్లాయి. పక్కన పెట్టాం. తాలీములో పేలని ఐదింటిని విప్పి మందు దించి వాటినీ నొక్కాం. డబ్బాలో కాటుక అడుగంటింది. ప్రతి పదోదానికీ పూసి చూశాను మరి. మంచివి అరవై ఒకటి.

బహుళ పంచమి

గుల్లలు నింపే పని: అడుగున నిప్పుటోపీలు, లోపల మందు, పైన బిరడా. మేస్త్రిగారు కొలిచారు, నేను బిగించాను. మందు పనిలో మాట్లాడకూడదు కాబట్టి ఇవాళ రాయడానికి మాటలేవీ లేవు. వాన మొదలైంది. ఐదో దిబ్బనుంచి తళుకులు లేవు, ఎండ లేదు. చివరిసారి నిన్న వచ్చిన కబురు వీరవేణక్క ఇవాళ చెప్పింది: నీళ్ళు ఉప్పుమళ్ళలోకి వచ్చాయి, జనం మిట్ట మీది బడిలోకి చేరారు.

"పచ్చడి గురించి ఏమైనా అందా?"

"అదీ అడిగింది" అంది వీరవేణక్క.

బహుళ షష్ఠి

మర్నాడు కూర్చుని రాస్తున్నాను. నిన్న పుస్తకం ముట్టుకునే వీల్లేదు.

తెల్లారేసరికి ట్యాంకు మీద ముగ్గురం. వీరవేణక్క నడుముకి తాడు కట్టుకుని తుపాకి దగ్గర, నేను గుల్లలు అందిస్తూ, మేస్త్రిగారు దారం చుట్ట దగ్గర. ఆయన్ని ఎక్కవద్దన్నాం. "దారం చిక్కు పడకుండా వేయడం మీకిద్దరికీ వచ్చా?" అన్నారు. రాదు.

మొదటిది గాలికి పక్కకి పోయింది. రెండోది నీళ్ళలో. మూడోది నీళ్ళలో. పడిన ప్రతిసారీ దారం వెనక్కి లాగి, పిండి, మళ్ళీ చుట్టాలి. వీరవేణక్క గురి ప్రతిసారీ కొంచెం గాలివైపుకి, ఇంకొంచెం గాలివైపుకి జరుపుతూ పోయింది. నేను గురి చూడలేదు. తలుపు చూశాను. ఏడోసారి టక్. పదకొండోసారి టక్. నాకు వేరే ఏ శబ్దమూ వినిపించడం మానేసింది.

పద్నాలుగోది బడి గోడకి తగిలి జారిపోయింది. అవతల ఎవరో నడుంలోతు నీళ్ళలో దాని వెనక పరిగెత్తారు, అందలేదు. వీరవేణక్క చెయ్యి నా వైపు చాచింది.

పంతొమ్మిదోది చేరింది.

దారం బిగిసింది. అవతల ఎవరో దాన్ని పట్టుకున్నారు. మేస్త్రిగారు "ఆయ్" అన్నారు, అంతే. దారం వెనక తాడు వెళ్ళింది, తాడు వెనక మోకు.

ఊయల మొదటి మూడు సార్లు పిల్లలు. క్రమం అది, దాన్ని వీరవేణక్క మార్చలేదు. నాలుగోసారి సత్యవేణి. పాయ మధ్యలో ఊయల నీళ్ళకి ముట్టుకునేంత కిందికి వంగింది. వీరవేణక్క మోకు లాగుతున్న చేతులు ఆగలేదు గాని, పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణో తిడుతోందో, మొక్కుతోందో. ఊయల గట్టుకి తగలగానే సత్యవేణి మొదటి మాట:

"ఇంత ఆలీసమేంటే అక్కా? పద్దెనిమిది లెక్కెట్టాను."

"పంతొమ్మిది. ఒకటి నువ్వు సూడలేదు. దిగు ముందు."

ముప్ఫై ఎనిమిదోవాడు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అతను బడి గంట విప్పి మెడలో వేసుకుని వచ్చాడు. సాయంత్రానికి బడి పైకప్పు కనిపించలేదు. నలభై రెండు గుల్లలు మిగిలాయి. పేల్చిన పంతొమ్మిదింటినీ దీపం వెలుగులో చూశాను. ఒక్కదాని అడుగునా సాగిన గీత లేదు.

అమావాస్య

తుఫాను పోయి వారం దాటింది. ఐదో దిబ్బవాళ్ళు షెల్టరు మెట్ల మీద, మా షెడ్డు వసారాలో ఉన్నారు. నీళ్ళు తీశాక దిబ్బలో ఎంత మిగిలిందో పడవ వెళ్ళి చూసి వచ్చింది. సగం. ఆ సగం మీదే ఈసారి మట్టి పోసి బడి ఎత్తు చేస్తామని అంటున్నారు, ఏ వైపునుంచి మొదలుపెట్టాలా అని రోజూ పోట్లాడుకుంటున్నారు. వినడానికి బాగుంది. గంట మా ప్రెస్సు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. తగిలినప్పుడల్లా మేస్త్రిగారు ఉలిక్కిపడతారు.

సత్యవేణికి ఆడపిల్ల. దశమినాడు, పొద్దున్నే. వీరవేణక్క దాన్ని చూసి "మెడ సిట్లలేదు గదా" అంది. షెడ్డు భాష ఊరంతా పాకిపోయింది.

ఇవాళ దీపావళి. మందు విలువైంది కాబట్టి ఈ దిబ్బల మీద టపాసుల సంగతి ఎవరూ ఎత్తరు, దీపాలే. మధ్యాహ్నం సత్యవేణి నన్ను పిలిచింది.

"కాలేజీ అక్కా, పిల్లకి దిట్టిసుక్క ఎట్టాలి. నీకాడ కాటుకుందంటగా."

డబ్బా తెచ్చి తెరిచి చూపించాను. అడుగున నా వేలిముద్ర తప్ప ఏమీ లేదు. ఎందుకయిందో చెప్పాను. ఆమె డబ్బాలోకి తొంగిచూసి, "అయితే దానికి రావాల్సిందే గుల్లలకి ఎట్టారన్నమాట" అంది. తప్పుపట్టినట్టు లేదు.

మేస్త్రిగారు విన్నారు. దీపాల వేళ ఇంకా కాకుండానే, గుల్లలకి రాసే ఆముదం ప్రమిదలో పోసి వెలిగించారు. దాని మీద రాగిపళ్ళెం బోర్లించి, చుట్టూ మూడు చిట్లిన గుల్లలు నిలబెట్టి ఆనించారు. అవి ఇక దేనికీ పనికిరావనుకున్నాను. పళ్ళెం కిందికి మసి చేరేదాకా ముగ్గురం కూర్చుని చూశాం. గీకి, ఒక్క చుక్క ఆముదంతో నూరి, ముందు పిల్ల బుగ్గకి పెట్టారు. అది తుమ్మింది. మిగిలింది నా డబ్బాలో వేసి, వెర్నియరు పక్కన అరలో పెట్టారు.

"అది నాదండి."

"షెడ్డుది. కావాలంటే అడిగి పెట్టుకో. రెండు కళ్ళకీ."

తర్వాత పండగ కదా అని పసుపు కలిపి ప్రెస్సుకి బొట్టు పెట్టారు. పిడికి పెట్టారు. చట్రానికి పెట్టారు. పీట దగ్గరకొచ్చి బొటనవేలు గాల్లో ఆపి నా వైపు చూశారు. ఆయనే చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ బొట్టు తెచ్చి నా పనిపుస్తకం అట్ట మీద అద్దారు. ఈ పేజీ రాస్తుంటే అది ఇంకా తడిగానే ఉంది.

కార్తీక పౌర్ణమికి పడవ వస్తుంది. ఎక్కుతానో లేదో పనిపుస్తకంలో రాయాల్సిన సంగతి కాదు. రాయాల్సింది ఒక్కటే, నా తర్వాత ఎవరు రాసినా చదువుకోవడానికి:

డై విప్పవచ్చు. మళ్ళీ బిగించేముందు పీట తుడవాలి. సందేహముంటే కాటుక అరలో ఉంది.

పని జరిగింది.